ఇంటివారి గొంతు

భిలాయి వీధుల్లో నడిచే కొత్తవారికి ఆ ఊరు యుద్ధానికి ఎంత సమీపంలో ఉన్నదో తోచదు. వెడల్పైన రోడ్లు, ఇరుప్రక్కలా నీడనిచ్చే చెట్లు, ఒకే నమూనాలో కట్టిన క్వార్టర్లు, అంకెలతో పిలువబడే సెక్టార్లు, షిఫ్టు మారే వేళ గేట్ల వద్ద వాహనాల రద్దీ - ఇదంతా శాంతంగా పనిచేసుకొనే ఒక కార్మిక పట్టణపు ముఖచిత్రం. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టిన ఊరు ఇది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. పునాదులు త్రవ్వేనాటినుంచీ ఉత్తరాంధ్ర జిల్లాల వారు ఇక్కడికి వలస వచ్చి స్థిరపడ్డారు. నేడు మూడవ తరం తెలుగువారు హిందీ, ఛత్తీస్‌గఢీ కలిపిన తెలుగు మాట్లాడుతూ ఆ క్వార్టర్లలో కనిపిస్తారు.

అయితే ఈ ఊరికి ఇంకొక ముఖం కూడా ఉన్నది. ఛత్తీస్‌గఢ్ సాయుధ దళపు బెటాలియన్ల స్థావరం భిలాయి. బస్తర్ ప్రాంతంలో నియమితమైన సరిహద్దు భద్రతా దళానికి రాష్ట్రంలోని ముఖ్య కార్యాలయం కూడా ఇక్కడనే ఏర్పడింది. కర్మాగారపు కొలుములకు దశాబ్దాలపాటు ఖనిజమందించిన దల్లీ రాజహరా గనులు తరుగుతున్నకొద్దీ, దక్షిణాన ఉన్న రావ్‌ఘాట్ కొండలమీద దృష్టి పడింది. దల్లీ రాజహరానుంచి రావ్‌ఘాట్ వరకు 95 కిలోమీటర్ల రైలుమార్గాన్ని వేయటానికి సశస్త్ర సీమా బల్ జవాన్లు తుపాకులు పట్టుకొని కాపలా కాయవలసి వచ్చింది. పట్టాలు వేసేవాడికి ఒక కుటుంబం ఉన్నట్లే అతనికి కాపలా కాసేవాడికీ ఒక కుటుంబం ఉంటుంది. ఆ రెండవ కుటుంబం సంగతి ఎవరికీ అంతగా పట్టదు.

మన రాజ్యాంగంలోని 33వ అధికరణం, సైనికులకూ పోలీసులకూ ప్రాథమిక హక్కులు ఎంతమేరకు వర్తించాలో నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1966లో వచ్చిన పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పోలీసు ఉద్యోగి సంఘంలో చేరరాదు, పత్రికలకు తన గోడు చెప్పుకోరాదు, రాజకీయ సభల్లో ప్రసంగించరాదు. ఈ కట్టడికి ప్రభుత్వాలు చెప్పే కారణం తేలికగా తోసివేయదగింది కాదు. ఆయుధం పట్టినవాడు గుంపుగా కదిలితే ఏమవుతుందన్న భయం అది. 1979 జూన్‌లో, భిలాయి వలెనే సోవియట్ సహాయంతో వెలసిన బొకారో ఉక్కు పట్టణంలో ఆ భయం నిజమైంది. కర్మాగారాన్ని కాపాడే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలోని జవాన్లు ఆందోళనకు దిగగా, వారిని అణచటానికి సైన్యాన్ని పిలిచారు. కాల్పులు జరిగాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు. నాలుగేళ్ల తరువాత, 1983లో, ఆ దళాన్ని చట్టరీత్యా కేంద్ర సాయుధ బలగాల కోవలో చేర్చి నోటికి తాళం మరింత బిగించారు.

మగవాడి నోటికి తాళం పడితే ఇంటి ఆడవారు వీధిలోకి వచ్చారు. చట్టంలో వారి పేరు లేదు గదా!

2018 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ పోలీసు కుటుంబాలు రాయ్‌పూర్‌లో తలపెట్టిన ఆందోళన ఈ కోవలోనిదే. కానిస్టేబుళ్ల భార్యలు, తల్లులు, పిల్లలు కదిలారు. జీతాలు పెంచమన్నారు. వారానికొక రోజు సెలవిమ్మన్నారు. ఉండటానికి తగిన ఇల్లు, నక్సలైట్ ప్రాంతాల్లో విధి నిర్వహించే భర్తకు తగిన రక్షణ పరికరాలు కావాలన్నారు. వారిని దారిలోనే ఆపి అదుపులోకి తీసుకొన్నారు. వారిని అడ్డుకోవటానికి పంపినవారు కూడా కానిస్టేబుళ్లే. ఆ కానిస్టేబుళ్ల ఇళ్లలోనూ అవే కోర్కెలు ఉండి ఉంటాయని ఊహించటం కష్టం కాదు. ఆ ఏటి చివర ప్రభుత్వం మారింది. 2019 జనవరిలో కొత్త ప్రభుత్వం వారపు సెలవు ఉత్తర్వులు జారీ చేసింది.

2021 డిసెంబరులో మళ్లీ కుటుంబాలు రాజధాని దారి పట్టాయి. ఈసారి బస్తర్ నుంచి వచ్చిన సహాయక ఆరక్షకుల ఇంటివారు కూడా వారిలో ఉన్నారు. ఈ సహాయక ఆరక్షకులు ఎవరో కొంచెం చెప్పుకోవాలి. 2005లో సల్వా జుడుం మొదలైనప్పుడు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులన్న పేరుతో, నామమాత్రపు గౌరవవేతనంమీద తుపాకీ ఇచ్చి ముందు వరుసలో నిలబెట్టారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. చదువూ శిక్షణా అంతంతమాత్రంగా ఉన్న పడుచువాళ్లను చావుకు ఎదురుగా నెట్టటం వారి సమానత్వపు హక్కుకూ జీవించే హక్కుకూ భంగమని న్యాయస్థానం అన్నది. ప్రభుత్వం వెంటనే కొత్త చట్టం తెచ్చి వారిలో అధికభాగాన్ని సహాయక బలగం పేరుతో మళ్లీ చేర్చుకొన్నది. పేరు మారింది, అడవి మారలేదు, జీతమూ అంతగా మారలేదు. పదేళ్ల తరువాత వారి భార్యలూ తల్లులూ రాయ్‌పూర్‌కు వచ్చి అడిగింది, మిగతా పోలీసులతో సమానంగా చూడమని. 2022లో ప్రభుత్వం వారికోసం డిస్ట్రిక్ట్ స్ట్రైక్ ఫోర్స్ అనే వర్గాన్ని ఏర్పరచింది.

తెలుగు నేలమీద ఇటువంటి దృశ్యం 2024 అక్టోబరులో కనిపించింది. తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్లలోని కానిస్టేబుళ్ల భార్యలు పసిపిల్లలను చంకనెత్తుకొని రోడ్లమీద బైఠాయించారు. సెలవుల నిబంధన మార్చి, ఇంటికి వచ్చే వ్యవధిని పదిహేను రోజులనుంచి ఇరవైఆరు రోజులకు పెంచటంతో వారి ఓపిక నశించింది. రాష్ట్రమంతటా ఒకే పోలీసు విధానం ఉండాలన్నది వారి కోర్కె. సెలవుల ఉత్తర్వు నిలిచిపోయింది. కాని భార్యల వెనుక భర్తలు కూడా నోరు విప్పటంతో 39 మందిని సస్పెండు చేసి, పదిమందిని ఉద్యోగంనుంచి తొలగించారు. ఇల్లాలు మాట్లాడితే ఉపేక్షించవచ్చు. యూనిఫారం మాట్లాడితే కుదరదు.

ఇంతవరకు చెప్పుకొన్న కోర్కెలలో యుద్ధం ఆపమన్న మాట లేదు. జీతం, సెలవు, ఇల్లు, కవచం - ఇవి యుద్ధానికి లోబడి ఉంటూ అడిగేవి. యుద్ధాన్నే ప్రశ్నించటం వేరు. ఆ రెండింటి మధ్య ఉన్న గీత సన్ననిది. ఆ గీతను దాటినప్పటికి ఇంటివారు సాధారణంగా రాజకీయాలు మాట్లాడుతున్నామనుకోరు. తమవాడు తిరిగిరావాలని మాత్రమే అనుకొంటారు.

2011 జనవరిలో నారాయణపూర్ ప్రాంతంలో మావోయిస్టులు అయిదుగురు పోలీసులను అపహరించారు. వారి బంధువులు అధికారులకు అర్జీలు పెట్టుకొని ఊరుకోక అడవి దారి పట్టి, తమవారిని వదలిపెట్టమని వేడుకొన్నారు. ఫిబ్రవరిలో స్వామి అగ్నివేశ్, కొందరు పౌరహక్కుల కార్యకర్తల సమక్షంలో ఆ అయిదుగురూ విడుదలైనారు. 2021 ఏప్రిల్ 3న బీజాపూర్ - సుక్మా సరిహద్దులోని టేకులగూడ వద్ద జరిగిన దాడిలో 22 మంది జవాన్లు చనిపోగా, జమ్మూకు చెందిన కోబ్రా కమాండో ఒకడు బందీగా చిక్కాడు. అతని కుటుంబమూ ఊరివారూ జమ్మూ - అఖ్నూర్ రహదారిపై కూర్చున్నారు. యుద్ధం దండకారణ్యంలో, రాస్తారోకో హిమాలయాల ముంగిట! బస్తర్‌లో ఆదివాసీ బాలికలకు విద్యాలయాలు స్థాపించిన వృద్ధ వినోబావాది, పద్మశ్రీ ధరంపాల్ సైనీ, గోండ్వానా సమాజ్ పెద్ద ఒకరు, కొందరు స్థానిక విలేకరులు కలిసి అడవిలోకి వెళ్లి ఏప్రిల్ 8న అతణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. అంతకు పదకొండేళ్ల క్రితం, 2010 ఏప్రిల్ 6న, తాడిమెట్ల వద్ద 76 మంది చనిపోయినప్పుడు ఏ ఇంటివారికీ అటువంటి అవకాశం దొరకలేదు.

ఈ యుద్ధంలో అవతలి వైపు కూడా కుటుంబాలున్నాయి. వాటిలో తెలుగు కుటుంబాలు అనేకం. ఎన్‌కౌంటర్లలో చనిపోయినవారి దేహాలను వెదికి తెచ్చి తల్లిదండ్రులకు అప్పగించటానికి అమరుల బంధుమిత్రుల సంఘం 2002లో ఏర్పడింది. ఆ సంఘపు రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఒక సంగతి కాదనలేరు: ఆసుపత్రి శవాగారం ముందు నిలబడిన తల్లికి ప్రక్కన ఇంకొక తల్లి నిలబడటం ఎంతటి ఆసరాయో అనుభవించినవారికే తెలుస్తుంది. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవమీద జరిగిన దాడిలో గ్రేహౌండ్స్ జవాన్లు పెద్దసంఖ్యలో నీటిపాలైనప్పుడు, రోజుల తరబడి గట్టుమీద ఎదురుచూసినవీ తెలుగు కుటుంబాలే. 2025 మే 21న అబూజ్‌మడ్‌లో చనిపోయిన మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటవాడు. దేహంకోసం బంధువులు హైకోర్టు వరకు వెళ్లినా ఫలితం లేకపోయింది. నారాయణపూర్‌లోనే దహనం జరిగింది. అదే శ్రీకాకుళం జిల్లానుంచి ఎందరో సైన్యంలోనూ కేంద్ర బలగాల్లోనూ చేరారు, ఎందరో భిలాయి కొలుముల ముందు నిలబడ్డారు. ఒక జిల్లాలోని ప్రక్కప్రక్క ఊళ్లనుంచి బయలుదేరినవారు మూడు దారుల్లో ఒకే అడవి చుట్టూ చేరటం చరిత్రకు మామూలే కాబోలు. ఈ మూడు రకాల ఇళ్లవారూ ఒక్కచోట కూర్చొని మాట్లాడుకొన్న సందర్భం మాత్రం అరుదు.

పోలీసు ఇంటివారు, సైనికుడి ఇంటివారు యుద్ధాన్నే వద్దని చెప్పిన చోట్లు లోకంలో ఉన్నాయి. 2002 నవంబరులో, ఇరాక్‌పై దండయాత్రకు అమెరికా సన్నాహాలు చేస్తున్న రోజుల్లో, రెండు కుటుంబాలు కలిసి 'సైనిక కుటుంబాలు మాట్లాడుతున్నాయి' అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంఘం పెట్టాయి. వారిలో బోస్టన్ దంపతులు చార్లీ రిచర్డ్‌సన్, నాన్సీ లెసిన్ కార్మికోద్యమంలో తలపండినవారు. ఆయన ఒకప్పుడు నౌకా నిర్మాణ కేంద్రంలో కార్మికుడు. ఆమె కార్మికుల ఆరోగ్య భద్రతకు పాటుపడినది. తరువాత ఉక్కు కార్మికుల సంఘంలో పనిచేసింది. భిలాయివారికి ఆమె పరాయిదిగా తోచదు. వారి కుమారుడు మెరైన్ దళంలో ఉన్నాడు.

యుద్ధాన్ని వ్యతిరేకించేవారి ప్రదర్శనలకు వెళితే అక్కడ సైనికుడి తల్లిదండ్రులుగా ఒంటరివారు. సైనికుల ఇళ్లవారి మధ్యకు వెళితే యుద్ధాన్ని వ్యతిరేకించేవారుగా ఒంటరివారు. ఈ రెండు విధాల ఒంటరితనమే ఆ సంఘానికి పునాది. 2003 ఫిబ్రవరిలో కొందరు తల్లిదండ్రులు, సైనికులు, కాంగ్రెసు సభ్యులు కలిసి అధ్యక్షుడు బుష్‌పై బోస్టన్ కోర్టులో దావా వేశారు. యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం ప్రకారం కాంగ్రెసుదే గాని అధ్యక్షుడిది కాదని వారి వాదం. మార్చి 13న అప్పీలు కోర్టు దాన్ని త్రోసిపుచ్చింది. వారం తిరగకముందే బాంబులు పడ్డాయి.

ఆ జూలైలో బుష్ ఇరాక్ తిరుగుబాటుదార్లను ఉద్దేశించి, దాడికి వస్తే రానీండన్న ధోరణిలో సవాలు విసిరారు. సవాలు విసిరింది ఆయన. ఎదుర్కోవలసింది వీరి పిల్లలు. తమ పిల్లలను ఇంటికి తీసుకురమ్మన్న నినాదంతో ఆగస్టులో ఆ కుటుంబాలు ఉద్యమం మొదలుపెట్టాయి. ఆ రోజుల్లోనే, సైన్యం ఇచ్చే కవచాలు చాలక అమెరికాలో తల్లిదండ్రులు సొంత డబ్బుతో కవచాలు కొని పంపేవారన్న సంగతి వెల్లడైంది. ప్రపంచంలోకెల్లా ధనిక సైన్యానికే ఆ గతి పట్టగా, రాయ్‌పూర్ రోడ్డుమీద కానిస్టేబులు భార్య అడిగిన కవచం గొంతెమ్మ కోరిక ఎలా అవుతుంది?

దేశద్రోహులన్న నింద వారికి తప్పలేదు. కొడుకు యుద్ధభూమిలో ఉండగా నీవిట్లా మాట్లాడితే వాడి ధైర్యం చెడదా అని బంధువులే నిలదీసేవారు. ఆ ప్రశ్నకు ఆ సంఘంలోనే అందరి జవాబూ ఒకటి కాదు. కొడుకుకు చెప్పి, అతని సమ్మతితో మాట్లాడినవారున్నారు. కొడుకుకు ఇబ్బంది కలుగుతుందని పేరు దాచుకొన్నవారున్నారు. కొడుకు యుద్ధాన్ని సమర్థిస్తుంటే తాము వ్యతిరేకించినవారూ ఉన్నారు. వీధిలో ప్లకార్డు పట్టుకొన్న పని వారి పనిలో సగమే. మిగతా సగం ఎవరి కంటా పడదు: వార్తల్లో హెలికాప్టరు కూలిందని విన్న రాత్రి ఒకరికొకరు ఫోను చేసుకోవటం, వాకిట్లో పెరేడు దుస్తులతో ఇద్దరు అధికారులు వచ్చి నిలబడతారేమోనని తెల్లవారేదాకా కిటికీవైపు చూసే మనిషికి మాటతోడు కావటం. రెండు పనులూ ఒకే చేతులు చేశాయి కనుకనే ఆ సంఘం సభ్యత్వం వేల కుటుంబాలకు పెరిగింది.

సిండీ షీహన్ కథ లోకానికి బాగా తెలిసినది. ఆమె కుమారుడు కేసీ 2004 ఏప్రిల్ 4న బాగ్దాద్‌లో చనిపోయాడు. 2005 ఆగస్టులో ఆమె టెక్సస్ రాష్ట్రంలోని క్రాఫర్డ్‌లో, బుష్ సెలవులు గడుపుతున్న వ్యవసాయక్షేత్రం దగ్గర రోడ్డుప్రక్క గుడారం వేసి, నా కొడుకు ఏ మహత్కార్యంకోసం చనిపోయాడో చెప్పమని కూర్చుంది. అధ్యక్షుడు ఆమెను కలవలేదు. వేలాదిమంది కలిశారు.

భిలాయికి మరొక బంధుత్వం రష్యాతో ఉన్నది. ఆ ఊళ్లో పాతవారికి సోవియట్ ఇంజినీర్లు, వారి కుటుంబాలు గుర్తే. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించాయి. పదేళ్లలో సుమారు పదిహేను వేలమంది జింకు శవపేటికల్లో తిరిగివెళ్లారు. పేటిక తెరిచి చూసుకోవటానికి తల్లికి అనుమతి ఉండేది కాదు. ఆ యుద్ధం ముగిసిన 1989లోనే సైనికుల తల్లుల సంఘం పుట్టింది. చదువు మధ్యలో పట్టుకుపోయిన విద్యార్థులను విడుదల చేయించటం దాని మొదటి విజయం. సుమారు 1,80,000 మంది ముందుగానే ఇళ్లకు చేరారు. 1994 చివర చెచెన్యా యుద్ధం మొదలుకాగానే తల్లులు రైళ్లెక్కి, బస్సులెక్కి యుద్ధరంగానికే వెళ్లి కొడుకులను వెదికారు. కొందరు చెచెన్ యోధుల చేతుల్లోనుంచి బిడ్డను బతిమాలి తెచ్చుకొన్నారు. 1995 మార్చి 8న, మహిళా దినంనాడు, మాస్కోనుంచి గ్రోజ్నీకి యాత్ర సాగించారు. దారిలో చెచెన్ తల్లులు వారికి తోడైనారు. ఉక్రెయిన్ యుద్ధంలో మళ్లీ ఇదే కథ. 2023లో సమీకరణకు పోయినవారి భార్యలు తెల్ల రుమాళ్లు కట్టుకొని, మాస్కోలోని అజ్ఞాత సైనికుని సమాధిపై పూలుంచి, మా మగవారిని పంపమన్నారు. 2024లో ప్రభుత్వం వారి బృందానికి 'విదేశీ ఏజెంటు' ముద్ర వేసింది.

ఇక శ్రీలంక. 1987నుంచి 1990 వరకు అక్కడ మన సైన్యం పోరాడి సుమారు 1,200 మందిని కోల్పోయింది. పోయినవారి ఇళ్లవారు మనదేశంలో ఒక సంఘంగా ఏర్పడి ఆ యుద్ధం ఎందుకని అడిగినట్లు కనరాదు. ఆ ప్రశ్న అక్కడివారే అడిగారు. 1998 సెప్టెంబరు 27న కిలినొచ్చి శిబిరంపై పులుల దాడి జరిగినప్పుడు గల్లంతైన వందలాది సైనికుల్లో అచింత ధర్మదాస ఒకడు. తల్లి విశాఖ ధర్మదాస కాండీ నగరవాసి. కొడుకు చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, బ్రతికున్నాడనీ చెప్పలేదు. ఆమె ముందు చేసిన పని, తనవంటి తల్లిదండ్రులను వెదికి ఒకచోట చేర్చటం. 2000లో యుద్ధబాధిత స్త్రీల సంఘం స్థాపించి, సింహళ సైనికుల తల్లులతోపాటు తమిళ తల్లులనూ అందులోకి పిలిచింది. తన కొడుకును మాయంచేసిన పక్షపు తల్లి ముందు కూర్చొని, నీ బిడ్డ సంగతేమిటని అడగటం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఆ తల్లులు వన్ని అడవులకు వెళ్లి పులుల ప్రతినిధులనూ కలిశారు. యుద్ధం మాని మాట్లాడుకొమ్మన్నారు. 2002లో కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది, నిలువలేదు. 2009 మేలో యుద్ధం రక్తంలోనే ముగిసింది. అచింత జాడ తెలియలేదు.

ఈ ప్రయత్నంలో విశాఖకు తెలిసివచ్చిన ఒక చిన్న సంగతి ఉన్నది. శ్రీలంక సైనికులు యుద్ధానికి వెళ్లేటప్పుడు మెడలో గుర్తింపు బిళ్ల ధరించేవారు కాదు. అందువల్ల పొలంలో దొరికిన దేహం ఎవరిదో, ఏ తల్లికి కబురు పంపాలో చెప్పే దారి లేకపోయింది. యుద్ధాన్ని ఆపమని అడుగుతూనే ఆమె సైన్యాధికారుల గడపలు తొక్కి, ప్రతి జవాను మెడలోనూ పేరూ నంబరూ చెక్కిన బిళ్ల ఉండాలని పట్టుబట్టింది.